మన తరఫున ‘వద్దు’ అనే మనిషి

2019 అక్టోబర్‌లో వచ్చిన ఉబుంటు 19.10తో ఒక చిత్రమైన పద్ధతి మొదలైంది. క్రోమియమ్ బ్రౌజర్ కావాలని ఎప్పటిలాగే ఆప్ట్ కమాండ్‌తో అడిగితే, ఆ పేరుతోనే ఒక ప్యాకేజీ వచ్చేది. కానీ దాని లోపల బ్రౌజర్ ఉండేది కాదు. అదొక ఖాళీ డబ్బా. అది చేసే పనల్లా వెళ్ళి, స్నాప్ అనే కొత్త తరహా ప్యాకేజీ రూపంలో క్రోమియమ్‌ని తెచ్చి మన కంప్యూటర్‌లో పెట్టడం. చివరికి తెర మీద కనిపించేది క్రోమియమే. అడిగింది వచ్చింది. ఇంకేం కావాలి?

కొంతమందికి అది చాల్లేదు. ఉబుంటుని ఆధారం చేసుకుని తయారయ్యే లినక్స్ మింట్, 2020 జూన్‌లో తన 20వ వెర్షన్ విడుదల చేస్తూ స్నాప్‌కి తలుపు మూసేసింది. కావాలనుకున్నవాళ్ళు ఆ గడియ తీసుకోవచ్చు, ఎలా తీయాలో కూడా వాళ్ళే రాసి పెట్టారు. అడగనివాళ్ళ ఇంట్లోకి మాత్రం అది రాకూడదన్నారు. మింట్ నడిపే క్లెమెంట్ లెఫెవ్ర్ అభ్యంతరంలో ముఖ్యమైన ముక్క ఇదే: ఒక పేరుతో అడిగినవాళ్ళకి వాళ్ళకి తెలియకుండా ఇంకో దారిలో, ఇంకో దుకాణం నుంచి సరుకు తెచ్చి ఇవ్వడం.

ఆ తర్వాత ఈ గొడవ పెరిగిందే తప్ప తగ్గలేదు. స్నాప్, ఫ్లాట్‌ప్యాక్, యాప్‌ఇమేజ్. లినక్స్ వాడేవాళ్ళు నలుగురున్న చోట ఈ మూడు పేర్లలో ఏదో ఒకటి ఎత్తండి, ఆ సాయంత్రం అయిపోయినట్టే. లినక్స్ వాడని స్నేహితులు నన్ను చూసి నవ్వుతారు. “ఇడ్లీ ఆకులో కట్టాడా, డబ్బాలో పెట్టాడా అని కొట్టుకుంటారేంట్రా, తినక?” అంటారు. పగలంతా సాఫ్ట్‌వేర్ రాసి బతికేవాణ్ణి, పదేళ్ళకి పైగా ఇంట్లో లినక్స్ తప్ప ఇంకోటి వాడనివాణ్ణి కాబట్టి నాకు ఆ నవ్వు అర్థమవుతుంది. కానీ ఈ తగువు పొట్లం గురించి కాదని నా నమ్మకం. మనకి తెలియని విషయాల్లో మన తరఫున నిర్ణయం తీసుకునే మనిషి ఒకరు ఉండాలా? ఉంటే ఆ మనిషి మనకేం బాకీ? మనం ఆ మనిషికేం బాకీ? నాకు కనిపించే ప్రశ్నలివి.

*

ముందు పాత పద్ధతి ఏంటో చెప్పాలి. లినక్స్ ఒకే కంపెనీ చేసే ఒకే వస్తువు కాదు. ఎక్కడెక్కడో ఎవరెవరో రాసిన వేల ప్రోగ్రాముల్ని ఒక చోటికి చేర్చి, ఒకదానితో ఒకటి పొసిగేలా సర్ది మన చేతికిచ్చే ఏర్పాటుని డిస్ట్రిబ్యూషన్ అంటారు, వాడుకలో డిస్ట్రో. 1993లో ఇయన్ మర్డాక్ మొదలుపెట్టిన డెబియన్ ఇలాంటి వాటిలో పాతది, పెద్దది. ఉబుంటు దాన్నుంచి పుట్టిందే. 2023లో వచ్చిన డెబియన్ 12లో 64 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి.

వాటిలో ప్రతిదానికీ మెయింటెయినర్ అనే ఒక మనిషో, చిన్న బృందమో ఉంటుంది. ప్రోగ్రామ్ రాసింది వీళ్ళు కాదు. రాసినవాళ్ళ దగ్గర్నుంచి కోడ్ తెచ్చుకుంటారు, దాని లైసెన్స్ చదువుతారు, మిగతా వ్యవస్థతో పొసగని చోట చిన్న చిన్న మార్పులు చేస్తారు, పరీక్షిస్తారు, కట్టి పంపిస్తారు. ఎక్కువమందికి ఈ పనికి జీతం లేదు. ప్రోగ్రామ్ అడక్కుండా వినియోగదారుడి వివరాలు ఎక్కడికో పంపిస్తుంటే ఆ భాగాన్ని ఆపేసేది వీళ్ళే. లైసెన్స్ సరిగ్గా లేకపోతే ‘ఇది మన దగ్గర ఉండకూడదు’ అని పక్కన పెట్టేది వీళ్ళే. మనం ఎప్పుడూ చూడని ఒక ‘వద్దు’ మన కంప్యూటర్‌లోకి వచ్చే ప్రతి ప్రోగ్రామ్ వెనక ఉంది.

దీనికి రాతకోతలు కూడా ఉన్నాయి. 1997లో డెబియన్ ‘సోషల్ కాంట్రాక్ట్’ అనే చిన్న పత్రాన్ని ఆమోదించింది. వినియోగదారుల అవసరాలకీ, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌కీ మొదటి స్థానం ఇస్తామని, సమస్యల్ని దాచిపెట్టమని అందులో మాట ఇచ్చుకున్నారు. ఒక్క రూపాయి పుచ్చుకోకుండా ముక్కూమొహం తెలియనివాళ్ళకి రాసిచ్చిన హామీ అది. మనం రోజూ ‘అంగీకరిస్తున్నాను’ అని నొక్కే ఒప్పందాల్లో దాదాపు ప్రతి వాక్యం కంపెనీని కాపాడటానికే ఉంటుంది. ఇందులో బాధ్యత తల మీద వేసుకునేది రాసిచ్చినవాళ్ళే.

పాత పద్ధతిలో ఇంకో లక్షణం ఉంది. అది ఉమ్మడి వంటిల్లు. పది ప్రోగ్రాములకి ఒకే పని చేసే కోడ్ ముక్క కావాలంటే, ఆ ముక్క, అంటే లైబ్రరీ, కంప్యూటర్‌లో ఒక్కటే ఉంటుంది, పదీ దాన్నే వాడుకుంటాయి. 2014 ఏప్రిల్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ లైబ్రరీలో హార్ట్‌బ్లీడ్ అనే పెద్ద లోపం బయటపడ్డప్పుడు, డిస్ట్రోలు ఆ ఒక్క లైబ్రరీని సరిచేసి పంపితే దాన్ని వాడుకునే ప్రోగ్రాములన్నిటికీ ఒకేసారి మందు పడింది. దీనికి ఎదురు ఉదాహరణ 2023 సెప్టెంబర్‌లో వచ్చింది. వెబ్‌పీ బొమ్మల్ని చదివే లైబ్రరీలో లోపం దొరికింది. ఆ లైబ్రరీని ఎవరి సొంత కాపీ వాళ్ళు తమ ప్రోగ్రామ్‌లోనే కుక్కుకుని పెట్టుకున్నారు. దాంతో బ్రౌజర్లూ, మెసేజింగ్ యాప్‌లూ ఒక్కొక్కటిగా విడివిడిగా సరిచేసుకోవాల్సి వచ్చింది.

*

మరి ఇంత చక్కని ఏర్పాటు ఉంటే కొత్తవి ఎందుకొచ్చాయి?

ఉమ్మడి కుటుంబం గురించి బయటివాళ్ళు చెప్పినంత అందంగా ఆ ఇంటి కోడలు చెప్పదు కాబట్టి. ఇక్కడ కోడలు ప్రోగ్రామ్ రాసే మనిషి. నేను ఒక ప్రోగ్రామ్ రాశాననుకోండి. అది డెబియన్‌లో ఒకలా, ఫెడోరాలో ఒకలా, ఆర్చ్‌లో ఒకలా కట్టాలి. ఒకదాంట్లో ఉన్న లైబ్రరీ వెర్షన్ ఇంకోదాంట్లో ఉండదు. ఈ మాట లినక్స్‌ని పుట్టించిన లైనస్ టోర్వాల్డ్స్ కూడా 2014లో డెబియన్ వాళ్ళ సమావేశంలోనే, వాళ్ళ మొహం మీదే చెప్పాడు. ఆయనకి సబ్‌సర్ఫేస్ అని, నీటి అడుగున ఈదేవాళ్ళు లెక్కలు రాసుకునే ఒక ప్రోగ్రామ్ ఉంది. దాన్ని విండోస్‌కీ, మ్యాక్‌కీ కట్టి ఇవ్వగలుగుతున్నాం, లినక్స్‌కి మాత్రం కట్టి ఇవ్వడం నరకంగా ఉందని ఆయన గోడు. లినక్స్ తండ్రికే లినక్స్‌లో తన ప్రోగ్రామ్‌ని జనానికి అందించడం కష్టమైతే మామూలువాళ్ళ సంగతి ఏంటి?

కొత్త పద్ధతులు దీనికి జవాబుగా వచ్చాయి. వివరాల్లో తేడాలున్నా మూడింటి ఆలోచనా ఒకటే: ఎవరి క్యారియర్ వాళ్ళు కట్టుకుని రావడం. ప్రోగ్రామ్‌కి కావాల్సిన లైబ్రరీలన్నీ దానితోపాటే వస్తాయి, ఏ డిస్ట్రోలోనైనా విప్పుకోవచ్చు. యాప్‌ఇమేజ్ మూలాలు 2004లో వచ్చిన క్లిక్ అనే ప్రయత్నంలో ఉన్నాయి. అది ఒకే ఒక్క ఫైల్, దించుకుని నడిపించడమే. ఎక్స్‌డీజీ-యాప్‌గా మొదలై 2016లో పేరు మార్చుకున్న ఫ్లాట్‌ప్యాక్, కొన్ని ఉమ్మడి లైబ్రరీల కట్టల మీద నిలబడుతుంది. కాబట్టి ‘అన్నీ రెండేసి, మూడేసి కాపీలు’ అన్న నింద దానికి పూర్తిగా వర్తించదు. స్నాప్ ఉబుంటుని తయారుచేసే క్యానానికల్ కంపెనీది. 2016లో ఉబుంటు 16.04తో మన డెస్క్‌టాప్ మీదకి వచ్చింది. చివరి రెండిట్లో ఇంకో సుగుణం ఉంది: ప్రోగ్రామ్‌ని ఒక గదిలో పెట్టి తలుపేయడం. పాత పద్ధతిలో లోపలికొచ్చిన ప్రోగ్రామ్ మన ఫైళ్ళన్నీ చదవగలదు. ఇక్కడ అనుమతి అడగాలి. అయితే ఆచరణలో చాలా ప్రోగ్రాములు ‘ఇల్లంతా తిరుగుతాను’ అనే అనుమతితోనే వస్తాయనేది వేరే సంగతి.

కొత్తగా లినక్స్‌లోకి వచ్చేవాళ్ళకి వీటి వల్ల జరిగిన మేలు చిన్నది కాదు. 2022లో వాల్వ్ కంపెనీ తెచ్చిన స్టీమ్ డెక్ అనే ఆటల యంత్రం నడిచేది లినక్స్ మీదే. అందులో మూల వ్యవస్థని ముట్టుకోకుండా తాళం వేసి ఉంటుంది, బయటి ప్రోగ్రాములు ఫ్లాట్‌హబ్ నుంచి ఫ్లాట్‌ప్యాక్‌లుగా వస్తాయి. అది కొన్నవాళ్ళలో చాలామందికి తాము లినక్స్ వాడుతున్నామన్న స్పృహే ఉండదు. వాళ్ళ దగ్గరికి వెళ్ళి సోషల్ కాంట్రాక్ట్ గురించి ఉపన్యాసం ఇవ్వడం, ఆకలేసినవాడికి వంటల పుస్తకం ఇవ్వడం లాంటిది.

*

ఇప్పుడు పాత లినక్స్ వాళ్ళ ఫిర్యాదుల్ని విడదీసి చూద్దాం. సైజు ఎక్కువ, తెరుచుకోవడం ఆలస్యం, పక్క ప్రోగ్రాముల రంగులతో కలవదు. ఇవి ఇంజనీరింగ్ సమస్యలు, సరిచేసుకుంటే పోతాయి. కొన్ని ఇప్పటికే పోయాయి. వీటి మీద అంత కోపం ఎందుకో నాకు అర్థం కాదు.

రెండో రకం ఫిర్యాదులు అధికారం గురించి. స్నాప్ ప్యాకేజీలు వచ్చే దుకాణం ఒక్కటే, అది క్యానానికల్‌ది, ఆ సర్వర్ కోడ్ బయటివాళ్ళకి కనిపించదు. స్నాప్ తనంతట తనే అప్‌డేట్ అవుతుంది. ‘నేను చెప్పేదాకా వద్దు’ అని నిరవధికంగా ఆపుకునే సౌకర్యం 2022 చివర్లో గానీ రాలేదు. ‘భద్రత కోసమే’ అని క్యానానికల్ అంటే నేను కాదనను. అప్‌డేట్లు వాయిదా వేసేవాళ్ళ వల్లే సగం అనర్థాలు. అయినా నా మంచికే అయినా నన్ను అడగకుండా చేసేదానికీ, అడిగి చేసేదానికీ తేడా లేదంటే ఒప్పుకోను. ఖాళీ డబ్బా సంగతీ ఇంతే. స్నాప్ మంచిదైతే ‘ఇకనుంచి ఇది స్నాప్‌గానే దొరుకుతుంది, సరేనా?’ అని ఒక్క ప్రశ్న అడిగితే పోయేది. మంచి వస్తువుని కూడా మారుపేరుతో అంటగట్టకూడదు.

మూడో ఫిర్యాదు అన్నిటికన్నా లోతైంది, దాన్ని సరిగ్గా మాటల్లో పెట్టినవాళ్ళు తక్కువ. కొత్త పద్ధతిలో, రాసినవాడికీ వాడేవాడికీ మధ్య ఉన్న మనిషి మాయమైపోతున్నాడు.

మధ్యవర్తి పోతే ఏమవుతుంది? 2018 మే నెలలో స్నాప్ దుకాణంలో 2048బుంటు అనే ఆట లోపల, వాడేవాళ్ళ కంప్యూటర్ శక్తితో దొంగచాటుగా క్రిప్టో నాణేలు తవ్వుకునే కోడ్ దొరికింది. 2024 ఫిబ్రవరిలో అదే దుకాణంలో ఎక్సోడస్ అనే క్రిప్టో వాలెట్ పేరుతో ఉన్న నకిలీ యాప్‌ని నమ్మి ఒకాయన 9 బిట్‌కాయిన్లు పోగొట్టుకున్నాడు. అప్పటి లెక్కన దాదాపు 4,90,000 డాలర్లు. ఆ యాప్ గదిలోనే ఉంది, తలుపేసే ఉంది. కానీ మనమే నమ్మి తాళంచెవి చెప్పేస్తే గది ఏం చేస్తుంది? “ఇది ఎవరు పెట్టారు? వీళ్ళు నిజంగా ఆ కంపెనీ వాళ్ళేనా?” అని మనకంటే ముందు అనుమానపడాల్సిన మనిషి అక్కడ లేకపోయాడు.

ఇక్కడితో ఆపేస్తే పాతవాళ్ళు గెలిచినట్టు అవుతుంది. కానీ మధ్యవర్తి చేసిన నష్టాలు కూడా చరిత్రలో ఉన్నాయి. 2006లో డెబియన్‌లో ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్‌ని కట్టేటప్పుడు, ఒక పరీక్షా సాధనం ఇస్తున్న హెచ్చరికల్ని పోగొట్టడానికి రెండు వరుసల కోడ్ తీసేశారు. యాదృచ్ఛిక సంఖ్యల్ని పుట్టించే భాగానికి దాంతో ప్రాణం పోయింది. డెబియన్‌లోనూ, దాని నుంచి పుట్టిన ఉబుంటులోనూ తయారైన రహస్య తాళంచెవులు ఒక్కో రకంలో 32,768 అవకాశాల్లో ఏదో ఒకటిగా మిగిలాయి. కంప్యూటర్‌కి అది ఊదేసే పని. 2008 మే దాకా ఈ సంగతి బయటపడలేదు. అసలు రాసినవాళ్ళ కోడ్‌లో ఆ లోపం లేదు. బాగుచేద్దామని వేలుపెట్టిన చోటే వచ్చింది.

2016లో ఎక్స్‌స్క్రీన్‌సేవర్ రాసిన జేమీ జవిన్‌స్కీ ఇంకో రకంగా విసిగిపోయాడు. డెబియన్ స్థిరమైన విడుదలలో తన పాత వెర్షన్‌నే ఉంచుతుంది. తను ఎప్పుడో సరిచేసిన లోపాల గురించి జనం ఇంకా తనకే ఉత్తరాలు రాస్తారు. దాంతో ‘ఇది చాలా పాత వెర్షన్’ అని తెర మీద హెచ్చరిక వచ్చేలా కోడ్‌లో పెట్టాడు. కొత్తది ఇవ్వలేకపోతే నా ప్రోగ్రామ్‌ని తీసేయండి మొర్రో అన్నాడు. మధ్యవర్తి తీసుకున్న నిర్ణయానికి తిట్లు రాసినవాడికి పడటం న్యాయమా?

2025 ఫిబ్రవరిలో ఇదే తగువు ఇంకో వేషంలో వచ్చింది. వీడియోలు రికార్డు చేసే ఓబీఎస్ స్టూడియో వాళ్ళు తమ ఫ్లాట్‌ప్యాక్‌ని తామే ఫ్లాట్‌హబ్‌లో పెడతారు. ఫెడోరా డిస్ట్రో తన సొంతంగా కట్టిన ఇంకో ఫ్లాట్‌ప్యాక్‌ని తన వాళ్ళకి ఇచ్చింది. అది సరిగ్గా పనిచేయలేదు, ఫిర్యాదులు అసలువాళ్ళకి వెళ్ళాయి. కోర్టు దాకా వెళ్తామని ఓబీఎస్ వాళ్ళు హెచ్చరించాక గానీ సర్దుబాటు కాలేదు.

గమనించారా? రెండువైపులా ఉన్నది ఫ్లాట్‌ప్యాకే. పొట్లం ఒకటే, కట్టిన చేతులు వేరు. దీనికి తిరగేసిన ఉదాహరణ మొజిల్లా. 2022లో ఉబుంటు 22.04 ఫైర్‌ఫాక్స్‌ని కూడా స్నాప్ చేసి, పాత పేరుని ఖాళీ డబ్బా చేసింది. 2024 జనవరిలో మొజిల్లా తన స్థిరమైన ఫైర్‌ఫాక్స్‌ని తనే స్వయంగా డెబ్ ప్యాకేజీగా, ఆప్ట్‌తో తెచ్చుకునేలా ఇవ్వడం మొదలుపెట్టింది. పొట్లం పాతది, మధ్యవర్తి లేడు. స్నాప్‌కి తలుపేసిన మింటే 2017 నుంచి ఫ్లాట్‌ప్యాక్‌ని లోపలే పెట్టి ఇస్తోంది. 2024లో మాత్రం, అసలువాళ్ళదేనని నిర్ధారణ కాని ఫ్లాట్‌ప్యాక్‌లు అడిగితే తప్ప కనిపించకుండా చేసింది. కొత్త పొట్లాన్ని ఒప్పుకుంటూనే ‘వద్దు’ అనే పనిని వదులుకోలేదన్నమాట. కాబట్టి స్నాప్‌కీ డెబ్‌కీ, ఫ్లాట్‌ప్యాక్‌కీ ఆప్ట్‌కీ మధ్య యుద్ధం ఉందనుకోవడం పొరపాటు. ఎవరు కట్టారు, ఎవరి పేరు మీద ఇచ్చారు, చెడితే ఎవరు పలుకుతారు అన్నవే నిజమైన ప్రశ్నలు.

*

ఇది నాకు కేవలం చర్చగా మిగల్లేదు. తెనాలి దగ్గర ఒక చిన్న ఊళ్ళో రిటైరైన మాస్టారు ఒకాయన సొంతంగా గ్రంథాలయం నడుపుతున్నారు. అక్కడికి నేనూ ఇద్దరు స్నేహితులూ కలిసి నాలుగు పాత కంప్యూటర్లు ఇచ్చాం. ఒక్కోదాంట్లో 4 జీబీ మెమరీ. ఇంటర్నెట్ అంటే మాస్టారి ఫోనే. పిల్లలు బొమ్మలు గీస్తారు, టైపింగ్ నేర్చుకుంటారు. సాయంత్రాలు మాస్టారు ఊరి చరిత్ర తెలుగులో టైప్ చేసుకుంటారు. వాటిలో ఏం వేయాలన్నది నేనే తేల్చాల్సి వచ్చింది.

అక్కడ సిద్ధాంతాలు నిలబడవు. తనంతట తను అప్‌డేట్ అయ్యే ఏ ప్యాకేజీ అయినా మాస్టారి ఫోన్‌లో ఆ రోజు డేటా మొత్తం తాగేస్తుంది. కొత్త తరహాలో కట్టిన ఒక నోట్‌బుక్ ప్రోగ్రామ్ చాలా బాగుంది గానీ, దాని గదిలోకి ఐబస్ తెలుగు కీబోర్డు చేరలేదు. కట్టినవాళ్ళకి తెలుగు టైపింగ్ అనే అవసరం తట్టకపోవడంలో ఆశ్చర్యం లేదు. డెబియన్‌లో మాత్రం ఆ అవసరం ఎవరికో ఎప్పుడో తట్టింది. ఆర్‌టీఎస్, ఇన్‌స్క్రిప్ట్ లేఅవుట్లు ఉన్నాయి. పోతన, వేమన ఫాంట్లు ఒక ప్యాకేజీగా ఉన్నాయి. ఒక్క కమాండ్‌తో వచ్చేశాయి. కాబట్టి మాస్టారు రాసుకునే లిబ్రే‌ఆఫీస్ డెబియన్‌ది వేశాను. పిల్లలు ముచ్చటపడ్డ నక్షత్రాల ప్రోగ్రామ్ మాత్రం ఫ్లాట్‌ప్యాక్‌గా, నా లాప్‌టాప్ మీద దించి పట్టుకెళ్ళి వేశాను. అప్‌డేట్లు నేను వెళ్ళినప్పుడే.

అంతా విన్నాక మాస్టారు ఒకటే అడిగారు. “బాబూ, ఇదంతా బానే ఉంది. నువ్వు ఊళ్ళో లేనప్పుడు ఇది మొరాయిస్తే నేనెవర్ని అడగాలి?”

ఈ గొడవ మీద నేను చదివిన ఏ వాదనా ఇంత సూటిగా లేదు. ఆ నాలుగు కంప్యూటర్లకి నేనే డిస్ట్రోని అయ్యాను. నేను ‘వద్దు’ అన్నవేంటో ఆ పిల్లలకి ఎప్పటికీ తెలియదు. వాళ్ళు అడిగితే కారణం చెప్పాల్సిన బాధ్యత నాది, మారుపేరుతో ఏదీ ఇవ్వకూడని బాధ్యత నాది, వాళ్ళు పెద్దై నా గడియలు తీసుకోవాలనుకుంటే ఎలా తీయాలో రాసి పెట్టాల్సిన బాధ్యతా నాదే. మధ్యవర్తికి అధికారం ఎక్కడి నుంచి వస్తుందని అడిగితే, తెలివి నుంచి అని నేను అనను. జవాబు చెప్పడానికి అందుబాటులో ఉండటం నుంచి వస్తుంది. అందుబాటులో లేని మధ్యవర్తి వట్టి అడ్డుగోడ. అందుబాటులో ఉండే కర్త అయితే, మధ్యవర్తి లేకపోయినా కొంతవరకు పర్వాలేదు.

*

మరి మనం వాళ్ళకేం బాకీ? పాత పద్ధతిని ప్రేమించేవాళ్ళు, అంటే నాలాంటివాళ్ళు, దాటేసే ప్రశ్న ఇది. “ప్రతిదీ డెబియన్‌లో సరిగ్గా కట్టి ఇవ్వాలి” అని మనం అంటున్నప్పుడు, ఆ ‘ఇవ్వాలి’కి కర్త ఎవరు? ఎవరో ఒక మనిషి తన ఆదివారాన్ని మనకివ్వాలి. మెయింటెయినర్లు దొరక్క దిక్కులేకుండా పడి ఉన్న ప్యాకేజీల జాబితాని డెబియన్ బహిరంగంగానే పెడుతుంది. దానివైపు తొంగి చూడకుండా ఫ్లాట్‌ప్యాక్‌ని తిట్టడం, వండేవాళ్ళకి సాయం పట్టకుండా ‘ఇంట్లో వంట పోయి హోటల్ తిండి వచ్చింది’ అని వాపోయే పెదనాన్న ధోరణి.

ఆ ధోరణి ఖరీదు ఎంతో 2024 మార్చి 29న తెలిసింది. ఎక్స్‌జెడ్ అనే, ఫైళ్ళని కుదించే చిన్న లైబ్రరీ లోపల ఎవరో దొడ్డిదారి తెరిచి పెట్టారని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీర్ బయటపెట్టాడు. ఎస్‌ఎస్‌హెచ్ లాగిన్ అర సెకను ఆలస్యం అవుతోందేంటని కూపీ లాగితే దొరికింది. ఆ పని చేసింది జియా టాన్ అనే పేరు వెనక ఉన్నవాళ్ళు. రెండేళ్ళకి పైగా బుద్ధిగా సాయం చేసి, ప్రాజెక్టులో నమ్మకం సంపాదించి, తాళాలు పుచ్చుకున్నారు. ఫెడోరా, డెబియన్‌ల పరీక్షా విడుదలల్లోకి ఆ కోడ్ వెళ్ళిపోయింది. మెయింటెయినర్ల కన్ను దాన్ని పట్టుకోలేదు. అయితే స్థిరమైన డెబియన్ దాకా అది రాలేదు. ఆ పాత పద్ధతి ఆలస్యమే, జవిన్‌స్కీని అంతగా విసిగించిన ఆ ఆలస్యమే, ఈసారి కాపాడింది.

కానీ నన్ను నిద్రపోనివ్వంది అంతకు ముందు జరిగింది. ఆ లైబ్రరీని ఏళ్ళ తరబడి ఒక్కడే, ఖాళీ సమయంలో, జీతం లేకుండా చూసుకున్నాడు. 2022లో కొన్ని ఖాతాల నుంచి అతని మీద ఒత్తిడి మొదలైంది. ‘ఇంత నెమ్మదా? చేయలేకపోతే వేరేవాళ్ళకి ఇవ్వు’ అనే ధోరణిలో. తన మానసిక ఆరోగ్యం బాగోలేదనీ, ఇది జీతం లేని సరదా పని అనీ అతను చెప్పుకున్నాడు. అయినా ఆగలేదు. అతను అలిసిపోయి చెయ్యి అందిస్తే, ఆ చెయ్యి పట్టుకున్నది జియా టాన్. ఆ ఖాతాలు కూడా కుట్రలో భాగమేనని ఇప్పుడు చాలామంది అనుమానం. కానీ ఆ ఉత్తరాలు అంతగా నప్పడానికి కారణం ఉంది. అచ్చం అలాంటివి మనలో నిజమైనవాళ్ళు కూడా రోజూ రాస్తుంటారు. దొంగ వాడుకున్న వేషం మన అసహనం.

పాత పద్ధతి వాళ్ళయినా, కొత్త పద్ధతి వాళ్ళయినా ఈ ఒక్క చోట తేడా లేదు. ఒకళ్ళు ఊరికే దొరికే కాపలా కావాలంటారు, ఇంకొకళ్ళు ఊరికే, వెంటనే దొరికే సరుకు కావాలంటారు. కాపలా కాసేవాళ్ళూ, సరుకు చేసేవాళ్ళూ ఇద్దరూ మనుషులే.

నా మటుకు నేను కొన్ని నియమాలు పెట్టుకున్నాను. పొట్లం ఏదైనా సరే, కట్టింది ఎవరో చూస్తాను. చెడితే, కట్టినవాళ్ళకే రాస్తాను, రాసినవాళ్ళని ఊరికే తిట్టను. మారుపేరుతో వచ్చింది ఎంత మంచిదైనా తీసేస్తాను. నేను వాడే కొత్త తరహా ప్యాకేజీల్లో తెలుగు టైపింగ్ పనిచేస్తుందో లేదో చూసి, పనిచేయకపోతే ఏ కీ నొక్కితే ఏం రావాలో, ఏం వచ్చిందో వివరంగా ఫిర్యాదు పెడతాను. నెలకి ఒక గంట పని. తెలుగు రాని మెయింటెయినర్‌కి ‘ఒత్తు రావట్లేదు’ అంటే ఏంటో చెప్పడానికే అందులో సగం పోతుంది. పోయిన నెల ఒకావిడ నా ఫిర్యాదు కింద అడిగింది: ‘సరిచేశాననుకుంటున్నాను, నాకు ఈ లిపి చదవడం రాదు, ఒకసారి చూసి చెప్తావా?’ అని. చూశాను. ‘క్ష’ సరిగ్గానే వస్తోంది, ‘ర’వత్తు ఇంకా విడిపోతోంది. అదే రాసి పంపించాను.